క్షమాపత్రమునకు పొలిమేర

1966వ సంవత్సరములో ఆస్ట్రేలియా దేశము పౌండ్ల లెక్కను విడిచి డాలర్ల లెక్కను స్వీకరించినప్పుడు క్రొత్త నోట్లను అచ్చువేయించెను. వానిలో పది డాలర్ల నోటుపై ఒక వాస్తుశిల్పి ముఖము ముద్రింపబడెను. ఆయన పేరు ఫ్రాన్సిస్ గ్రీన్‌వే. సిడ్నీ నగరమునకు శోభ గూర్చిన పురాతన కట్టడములలో పెక్కింటికి రూపకల్పన చేసినవాడాయనయే. కాని ఆయన ఆ నగరమునకు వచ్చినది కట్టడములు కట్టుటకు కాదు, శిక్ష అనుభవించుటకు. 1812లో ఇంగ్లండునందలి బ్రిస్టలు నగరమున విచారణ జరిగి ఆయనకు మరణదండనము విధింపబడెను. తరువాత దానిని 14 సంవత్సరముల ద్వీపాంతరవాసముగా మార్చిరి. ఆయన చేసిన నేరము దొంగ దస్తావేజు పుట్టించుట. దొంగ దస్తావేజు పుట్టించినవాని ముఖమునే ఒక ప్రభుత్వము తన నోటుపై ముద్రించుకొనుట ప్రపంచ చరిత్రలో అరుదైన విషయము. 1993లో క్రొత్త నోటు వచ్చువరకు ఆ ముఖము ఆస్ట్రేలియా ప్రజల చేతులలో తిరుగుచునే యుండెను.

1812 నాటి మరణదండనమునకు, 1966 నాటి నోటునకు నడుమ ఒక కాగితము కలదు. అదియే క్షమాపత్రము. నేరము చేసి శిక్ష పొందినవాడు మరల నలుగురిలో ఒకడుగా లెక్కకు వచ్చుట ఎట్లు? ఒకచోట లభించిన క్షమ మరియొకచోట చెల్లునా? సముద్రము దాటింపబడినవాడు మరల ఆ సముద్రము దాటి యిల్లు చేరవచ్చునా? ఇవి మన కాలమునకు క్రొత్త ప్రశ్నలు కావు. వీసాలు పుట్టకమునుపే సిడ్నీ వీధులలో వేలకొలది జనులు ఈ ప్రశ్నలతో బ్రతికిరి. వారి కథలో కొంత భాగమును ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

బ్రిటిషు ప్రభుత్వము నేరస్థులను సముద్రము దాటించు పద్ధతి 1718 నాటి చట్టముతో స్థిరపడెను. అమెరికా వలసరాజ్యములు స్వతంత్రించువరకు సుమారు 50,000 మందిని అచటికి పంపిరి. అమెరికా చేజారిన పిమ్మట ఖైదీలను థేమ్సు నదిలోను, ఇతర రేవులలోను లంగరు వేసిన పాత ఓడలలో కుక్కిరి. అవియు నిండిపోయినవి. అప్పుడు ప్రభుత్వపు చూపు భూగోళమునకు ఆవలివైపున నున్న ఆస్ట్రేలియా తీరముపై పడెను. 1787 మే 13వ తేదీన 11 ఓడలు పోర్ట్స్‌మత్ రేవునుండి బయలుదేరి, ఎనిమిది నెలలకు పైగా ప్రయాణము చేసి, 1788 జనవరిలో న్యూ సౌత్ వేల్సు చేరినవి. వానిలో 700 మందికి పైగా ఖైదీలు కలరు. నాటినుండి 1868లో చివరి ఓడ పశ్చిమ ఆస్ట్రేలియా చేరువరకు సుమారు 1,62,000 మంది స్త్రీపురుషులు ఈ విధముగా తరలింపబడిరి. ఆ నేల నిర్మానుష్యము కాదనియు, వేల సంవత్సరములుగా అచట నివసించుచున్న ఆదివాసుల అనుమతిని ఎవరును అడుగలేదనియు ఇచట జ్ఞాపకము చేసికొనవలెను. ఒకరి దేశమును మరియొకరికి చెరసాలగా మార్చిన చరిత్ర యిది.

తరలింపబడినవారిలో హంతకులు కొలదిమందియే. గుడ్డ, గొఱ్ఱె, వెండి చెంచా, రొట్టె - ఇట్టి వానిని దొంగిలించినవారే యెక్కువ. నాటి ఇంగ్లీషు చట్టములో ఇట్టి నేరములలో పెక్కింటికి మరణశిక్షయే కలదు. రాజు కరుణించి దానిని ఏడేండ్లకో, పదునాలుగేండ్లకో, యావజ్జీవమునకో ద్వీపాంతరవాసముగా మార్చును. కనుక ద్వీపాంతరవాసమే ఒకవిధమైన క్షమ. కాని షరతు గల క్షమ. గడువునకు ముందు మరలి వచ్చుట తిరిగి మరణశిక్షకు పాత్రమైన నేరము. 1834 వరకు ఆ చట్టము అట్లే యుండెను. ఇంటి గడప త్రొక్కుటయే నేరమైన మనుష్యుల సమాజము ఎట్టిదో శ్రోతలు ఊహింపవచ్చును.

ఆ సమాజములో మనుష్యుని విలువ వాని జేబులోని కాగితమును బట్టి యుండెడిది. కాగితములు నాలుగు విధములు. మొదటిది సెలవు చీటీ. దీనిని 1801లో గవర్నరు కింగు ప్రవేశపెట్టెను. ఇది గలవాడు ఖైదీయే, కాని తన పని తాను చేసికొని బ్రతుకవచ్చును. ఒక నిర్ణీత ప్రాంతమును దాటరాదు. పిలిచినప్పుడు హాజరు కావలెను. రెండవది షరతు గల క్షమాపత్రము. ఇది గలవాడు వలసరాజ్యములో స్వతంత్రుడు. భూమి కొనవచ్చును, వ్యాపారము చేయవచ్చును. కాని ఇంగ్లండు, ఐర్లండు ముఖము చూడరాదు. మూడవది సంపూర్ణ క్షమాపత్రము. ఇది గలవాడు ఎచటికైనను పోవచ్చును. నాలుగవది గడువు ముగిసినవానికి ఇచ్చు విడుదల పత్రము. ఇది 1810 నుండి అమలులోనికి వచ్చెను. తరువాతి కాలపు విడుదల పత్రములలో మనుష్యుని ఎత్తు, కన్నుల రంగు, జుట్టు రంగు, పుట్టుమచ్చలు కూడ వ్రాసెడివారు. నేటి పాస్‌పోర్టులో ఫోటో చేయు పనిని నాడు ఆ పంక్తులు చేసెడివి.

కాగితము కొఱకు వేచియుండలేనివారు కొందరు కలరు. వారిలో ముఖ్యముగా చెప్పదగినది మేరీ బ్రయంట్ అను స్త్రీ. ఆమె ఇంగ్లండుకు నైరృతిమూలనున్న కార్న్‌వాల్ ప్రాంతపు పడవవారి బిడ్డ. 1786లో దారిలో ఒక స్త్రీని దోచుకొన్న నేరమునకు మరణదండనము పొంది, తరువాత ఏడు సంవత్సరముల ద్వీపాంతరమునకు పంపబడెను. మొదటి ఓడలలోనే ఆమె సిడ్నీ చేరెను. దారిలో ఆడపిల్లను కనెను. సిడ్నీలో విలియం బ్రయంట్ అను ఖైదీని పెండ్లాడెను. ఒక కుమారుడు కలిగెను. భర్త చేపలు పట్టుటలో నేర్పరి. ఆకలితో అల్లాడుచున్న ఆ వలసరాజ్యములో చేపలు దొంగచాటుగా అమ్ముకొన్నాడని అతనికి నూరు కొరడాదెబ్బలు కొట్టించిరి.

1791 మార్చి 28వ తేదీ రాత్రి ఆ దంపతులు ఇద్దరు పసిబిడ్డలతోను, మరి ఏడుగురు ఖైదీలతోను గవర్నరుగారి పడవనే యెక్కి సముద్రములోనికి పోయిరి. అచటికి వచ్చియున్న ఒక డచ్చి ఓడ కెప్టెను వద్ద దిక్సూచిని, సముద్రపటమును ముందే సంపాదించుకొనిరి. పైకప్పు లేని ఆ పడవలో 69 దినములు, మూడు వేల మైళ్ళకు పైగా ప్రయాణము చేసి, జూన్ 5వ తేదీన డచ్చివారి ఆధీనములోనున్న తిమోరు దీవిలోని కుపాంగు రేవు చేరిరి. పదునొకండుగురిలో ఒక్కరును మరణింపలేదు. ఓడ మునిగి బ్రతికి బయటపడినవారమని చెప్పగా డచ్చి గవర్నరు నమ్మి అన్నవస్త్రము లిచ్చెను.

కాని దాచిన గతము దాగలేదు. కొంతకాలమునకు వారి గుట్టు బయటపడెను. అదే సమయమున ఎడ్వర్డ్స్ అను ఇంగ్లీషు నౌకాదళ కెప్టెను తన ఓడ పగిలిపోగా కుపాంగు చేరెను. ఆయన వీరిని బంధించి తనతో తీసికొనిపోయెను. బటేవియాలో, అనగా నేటి జకార్తాలో, జ్వరము సోకి మొదట కుమారుడు, తరువాత భర్త మరణించిరి. ఆపైని ప్రయాణములో మరి ముగ్గురు పురుషులు పోయిరి. 1792 మే నెలలో, ఇంగ్లండు ఇంకను కొలది వారముల దూరముననుండగా, ఆమె కూతురును సముద్రముపై కన్నుమూసెను. మేరీ మరణశిక్ష ఎదురుచూచుచున్న స్వదేశమునకు ఒంటరిగా చేరెను.

న్యాయస్థానము వారిని ఉరితీయింపలేదు. పూర్వపు శిక్షనే అనుభవింపుడని లండనులోని న్యూగేటు చెరసాలకు పంపెను. అప్పుడు జేమ్స్ బాస్వెల్ వారి పక్షమున నిలిచెను. జాన్సన్ పండితుని జీవితచరిత్ర వ్రాసిన ప్రసిద్ధుడాయనయే, వృత్తిచేత న్యాయవాది. ఆయన హోం మంత్రి హెన్రీ డండాసునకు జాబుపై జాబు వ్రాసెను; కచేరీల చుట్టు తిరిగెను. 1793 మే 2వ తేదీన మేరీకి క్షమాపత్రము లభించెను. మిగిలిన నలుగురు పురుషులును అదే సంవత్సరము నవంబరులో విడుదలైరి. బాస్వెల్ మేరీకి ఏటేట పది పౌన్ల సాయము ఏర్పాటు చేసెను. విడుదలైనవారిలో జాన్ బుచర్ అనువాడు సైన్యములో చేరి, తాను ప్రాణములకు తెగించి పారిపోయి వచ్చిన న్యూ సౌత్ వేల్సునకే మరల పోయి అచట భూమి సంపాదించెను. బలవంతముగా పోయినప్పుడు చెరసాలయైన నేల ఇష్టపడి పోయినప్పుడు పొలమైనది. ఆ రెండు ప్రయాణముల నడుమ నున్న తేడా ఒక్క కాగితమే.

మేరీ బ్రయంటునకు క్షమాపత్రము లండనులోనే, రాజముద్రతోనే దొరకెను. కనుక దానిని ఎవరును ప్రశ్నింపలేదు. సిడ్నీలో గవర్నరు చేతిమీదుగా క్షమ పొందినవారి గతి వేరు.

1790 నాటి చట్టము శిక్షలు తగ్గించు అధికారమును గవర్నరునకు ఇచ్చెను. ఆ అధికారముతో గవర్నర్లు ఎందరినో విడుదల చేసిరి. 1810లో పదవి చేపట్టిన గవర్నరు లాక్‌లన్ మక్వారీ ఇంకొక అడుగు ముందుకు వేసెను. సత్ప్రవర్తనను చాలకాలము నిరూపించుకొన్నవానిని సమాజములో పూర్వస్థానమునకు చేర్చవలెననునది ఆయన సిద్ధాంతము. ఆయన మాజీ ఖైదీలను తన భోజనపు బల్లవద్దకు ఆహ్వానించెను. సిమియన్ లార్డు, ఆండ్రూ థాంసన్ అను ఇద్దరు మాజీ ఖైదీలను మేజిస్ట్రేటులుగా నియమించెను. గ్రీన్‌వేను ప్రభుత్వ వాస్తుశిల్పిగా నియమించి దీపస్తంభమును, ఖైదీల బసను, దేవాలయములను కట్టించెను. దీపస్తంభము పైకి లేచిన 1817లో గ్రీన్‌వేకు షరతు గల క్షమను, 1819లో సంపూర్ణ క్షమను ప్రసాదించెను. ఆ ఖైదీల బసయైన హైడ్ పార్క్ బ్యారక్స్ నేడు యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలములలో ఒకటి.

గవర్నరు క్షమించినను ఊరు క్షమింపలేదు. శామ్యూల్ మార్స్‌డెన్ అను మతాధికారి, మాజీ ఖైదీల సరసన రహదారుల సంఘములో కూర్చుండుటకు ససేమిరా యనెను. సైనికాధికారులు వారితో పంక్తిభోజనము చేయ నిరాకరించిరి. 1815లో జెఫ్రీ బెంట్ అను న్యాయమూర్తి, ఒకప్పుడు శిక్ష పొందిన వకీళ్ళు తన కోర్టులో వాదింపరాదని పట్టుబట్టి, న్యాయస్థానమునే నిలిపివేసెను. పంక్తిభేదములు మన దేశమునకే చెందినవని తలంచువారు ఈ సంగతిని గమనింపవలెను.

విలియం రెడ్‌ఫర్న్ అను వైద్యుని కథ ఇందులకు మంచి నిదర్శనము. 1797లో నోర్ అనుచోట ఇంగ్లీషు నావికులు తిరుగుబాటు చేసిరి. అప్పుడు రెడ్‌ఫర్న్ ఒక యుద్ధనౌకలో యువ వైద్యసహాయకుడు. తిరుగుబాటుదారులతో చేతులు కలిపెనని ఆయనకు మరణదండనము విధించి, వయస్సు చూచి ప్రాణము మాత్రము విడిచిరి. 1801లో సిడ్నీ చేరెను. 1803లో క్షమ పొందెను. ఆ ప్రాంతమున ఆయనవంటి వైద్యుడు లేడని పేరుపొందెను. 1814లో మూడు ఖైదీ ఓడలలో జనము పెద్దసంఖ్యలో మరణింపగా, కారణములను విచారించి నివేదిక వ్రాసినవాడు ఆయనయే. గాలి, శుభ్రత, ఆహారము చూచుటకు ప్రతి ఖైదీ ఓడలోను అధికారము గల వైద్యుడుండవలెనని ఆయన కోరెను. ఆ పద్ధతి మరుసటి సంవత్సరమే అమలునకు వచ్చి వేలమంది ప్రాణములు కాపాడెను. ఇట్టివానిని మక్వారీ 1819లో మేజిస్ట్రేటుగా నియమింపగా, లండను ప్రభుత్వము ఆ నియామకమును త్రోసివేసెను. క్షమించి పదునాఱేండ్లు గడచినను, వేలమందికి ప్రాణదానము చేసినను, పాత తీర్పే పైచేయి యయ్యెను.

అంతకంటె పెద్ద పిడుగు 1819లోనే పడెను. లండనులోని కింగ్స్ బెంచ్ న్యాయస్థానము ముందునకు బుల్లక్ - డాడ్స్ వ్యాజ్యము వచ్చెను. వాది న్యూ సౌత్ వేల్సులో గవర్నరు చేత క్షమింపబడినవాడు. ఒక హుండీ సొమ్ము రావలసియుండగా దావా వేసెను. ప్రతివాది బాకీ లేదని వాదింపలేదు; వాది ఒకప్పుడు మరణదండనము పొందినవాడు కనుక అతనికి దావా వేయు హక్కే లేదని వాదించెను. నాటి ఇంగ్లీషు చట్టములో మరణదండనము పొందినవాడు ఊపిరి యున్నను చట్టము దృష్టిలో మృతుడు. ఆస్తి యుండదు, వ్యాజ్యము చెల్లదు, సాక్ష్యము పనికిరాదు. గవర్నరు క్షమించెను గదా యందురేమో. 1790 చట్టములో ఒక చిన్న మాట కలదు: గవర్నరు క్షమించినవారి పేర్లను లండనుకు పంపవలెను, అచట రాజు మహాముద్రతో వెలువడు క్షమాపత్రములో ఆ పేర్లు చేర్పబడవలెను. సిడ్నీలో ఎవరును దీనిని పట్టించుకొనలేదు. లండనులో పేర్లు చేర్చినవారు లేరు. కనుక ఆ క్షమ సంపూర్ణము కాదని న్యాయస్థానము తేల్చెను.

ఈ తీర్పుతో సిడ్నీ నగరము క్రింద నేల కదలినట్లయ్యెను. మాజీ ఖైదీలు భూములు కొనిరి, అమ్మిరి, తనఖా పెట్టిరి, వీలునామాలు వ్రాసిరి. వలసరాజ్యపు ఆస్తిలో పెద్దభాగము వారి చేతులలోనే యుండెను. అమ్మినవానికి ఆస్తి హక్కే లేనిచో కొన్నవాని గతి యేమి? తండ్రి చట్టరీత్యా మృతుడైనచో బిడ్డల వారసత్వ మేమి? ఇరువది యేండ్లుగా స్వతంత్రుడనని తలంచినవాడు ఒక్క దినములో మరల ఖైదీ యయ్యెను. అప్పు ఎగవేయదలచిన ప్రతివానికిని ఈ తీర్పు చేతికి దొరికిన ఆయుధమైనది.

ఆ ఆయుధము దెబ్బ తిన్నవారిలో ఎడ్వర్డ్ ఈగర్ ముఖ్యుడు. ఐర్లండు దేశపు వకీలు. దొంగ హుండీ చెలామణి చేసిన నేరమునకు 1809లో మరణదండనము పొంది, యావజ్జీవ ద్వీపాంతరమునకు వచ్చెను. 1813లో షరతు గల క్షమను, 1818లో సంపూర్ణ క్షమను పొంది వ్యాపారమున వృద్ధికి వచ్చెను. 1820లో ఆయన వేసిన దావాలకు ప్రతివాదులు ఈ ఆక్షేపణనే అడ్డు తెచ్చిరి; కోర్టు వారి మాటను చెల్లించెను. ఈగర్ తన ఒక్కని నష్టముతో ఊరకుండలేదు. 1821 జనవరిలో గవర్నరు అనుమతితో సిడ్నీలో మాజీ ఖైదీల బహిరంగసభ జరిగెను. రాజుగారికి విన్నపము వ్రాసి వెయ్యిమందికి పైగా సంతకములు చేసిరి. తమ సంఖ్యయు, తమ ఆస్తియు స్వేచ్ఛగా వచ్చి స్థిరపడినవారి సంఖ్యకంటె, ఆస్తికంటె ఎక్కువయని అందులో లెక్క చూపిరి. వారు అడిగినది దయ కాదు. ఇదివరకే ఇచ్చిన దయకు విలువ ఉండవలెనని అడిగిరి.

ఆ విన్నపమును తీసికొని ఈగరును, వైద్యుడు రెడ్‌ఫర్నును ఆ సంవత్సరమే ఓడయెక్కి లండను చేరిరి. ఒకప్పుడు ఇనుప సంకెళ్ళతో దాటిన సముద్రమును ఇరువురును ప్రజల ప్రతినిధులుగా మరల దాటిరి. ఈగర్ మంత్రుల కచేరీల చుట్టు తిరిగెను. 1823లో పార్లమెంటు న్యూ సౌత్ వేల్సు పరిపాలనకై చేసిన చట్టములో గవర్నరులు ఇచ్చిన క్షమాపత్రములకు చట్టబలము కల్పించు నిబంధన చేర్పబడెను. రెడ్‌ఫర్న్ 1824లో సిడ్నీకి మరలి వచ్చెను. ఈగర్ రాలేదు. భార్యను, బిడ్డలను సిడ్నీలోనే విడిచి లండనులో నిలిచిపోయి, 1866లో అచటనే మరణించెను. వేలమంది కాపురములను నిలబెట్టినవాడు తన కాపురమును నిలుపుకొనలేదు. చరిత్ర యందలి ప్రతి నాయకుడును ఇంటివద్ద నాయకుడు కానక్కరలేదు.

షరతు గల క్షమలోని షరతు ఎంత పదునైనదో తరువాతి తరమువారి కథలలో తెలియును. 1839 నవంబరులో వేల్సు ప్రాంతపు న్యూపోర్టు పట్టణములో ఓటుహక్కు కోరిన చార్టిస్టులు తిరుగబడిరి. వారి నాయకుడు జాన్ ఫ్రాస్ట్ ఆ పట్టణమునకు అంతకు పూర్వము మేయరుగా నున్నవాడు. ఆయనకు మరణదండనము విధించి, పిమ్మట యావజ్జీవ ద్వీపాంతరముగా మార్చి, నేడు టాస్మేనియా అని పిలుచు దీవికి పంపిరి. 1854లో క్షమ లభించెను. కాని బ్రిటనులో కాలుపెట్టరాదు. ఆయన అమెరికాకు పోయి, 1856లో షరతు తొలగిన పిమ్మటనే ఇల్లు చేరెను. 1848 నాటి ఐర్లండు తిరుగుబాటులో శిక్షపడిన పార్లమెంటు సభ్యుడు విలియం స్మిత్ ఓబ్రయన్ కూడ 1854లో అట్టి క్షమనే పొంది, బెల్జియం రాజధానియైన బ్రస్సెల్స్‌లో కాపురముండి, 1856లో స్వదేశము చేరెను. ఇంటికి ఒక్క సముద్రపు పాయ దూరములో నుండి ఇల్లు చేరలేకపోవుట ఎట్టి శిక్షయో చెప్పనక్కరలేదు. ప్రపంచమంతయు తెరచియుండి ఒక్క వాకిలి మూసియున్నచో, మనుష్యుని కన్నులు ఆ వాకిలిమీదనే యుండును.

టోల్‌పడిల్ గ్రామపు కూలీల కథ ఇంకను హృదయమును కలచును. ఇంగ్లండులోని డార్సెట్ ప్రాంతమున వ్యవసాయ కూలీల వారపు కూలి తొమ్మిది షిల్లింగులనుండి ఏడునకు దిగి, ఆఱు చేయుదుమను మాట వినవచ్చెను. ఆఱుగురు కూలీలు సంఘముగా ఏర్పడి ప్రమాణము చేసిరి. సంఘము పెట్టుట నేరము కాదు కనుక ప్రమాణము చేయించుటయే నేరమని 1834లో వారికి ఏడేండ్ల ద్వీపాంతరము విధించిరి. ఆ శిక్షకు ఆధారమైన చట్టము 1797 నాటిది. రెడ్‌ఫర్నును ద్వీపాంతరమునకు పంపిన ఆ నోర్ తిరుగుబాటును చూచి భయపడి చేసినది. దేశమంతట ప్రజలు ఊరేగింపులు జరిపి విన్నపములు పంపగా 1836లో వారికి సంపూర్ణ క్షమ లభించెను. వారి పెద్ద జార్జ్ లవ్‌లెస్ వెంటనే ఓడ యెక్కలేదు. భార్యను తనవద్దకు రమ్మని అంతకు పూర్వమే జాబు వ్రాసియుండెను. ఆమె బయలుదేరినదో లేదో తెలియదు. తాను ఇటు పోవుచుండ ఆమె అటు వచ్చినచో ఏమగునని వేచియుండి, 1837లో ఇంగ్లండు చేరెను. కడపటివాడు 1839లో చేరెను. ఆఱుగురిలో ఐదుగురు తరువాత కెనడాకు వలసపోయి, తమ గతమును పైకి చెప్పుకొనక గౌరవముగా బ్రతికిరి. రాజు సంపూర్ణముగా క్షమించెను, దేశము వీరులని కొనియాడెను. అయినను క్రొత్త ఊరిలో మౌనమే మేలని వారికి తోచెను. క్షమాపత్రము కోర్టులో చూపించుటకు పనికివచ్చును గాని, ప్రక్కయింటివాని మనస్సునకు చూపించుటకు పనికిరాదు.

ఇదంతయు పరాయిదేశపు ముచ్చట యని శ్రోతలు తలంపవలదు. ద్వీపాంతరవాసమను మాట మన భాషలో స్థిరపడియున్నది. అనుభవము లేనిదే మాట పుట్టదు. ఈస్టిండియా కంపెనీవారు 1787 నుండి భారతీయ ఖైదీలను సుమత్రాలోని బెంకూలెనునకు, పిమ్మట పెనాంగు, మారిషసు, సింగపూరులకు తరలించిరి. వారిలో మన ప్రాంతములు చేరియుండిన మద్రాసు రాజధానివారును కలరు. సింగపూరులోని సెయింట్ ఆండ్రూస్ చర్చిని 1850లలో మొదలిడి కట్టినది భారతీయ ఖైదీలే. గోడలకు పూసినది మద్రాసు సున్నము. కోడిగ్రుడ్ల తెల్లసొనతో, బెల్లపు పాకముతో కలిపిన ఆ సున్నపు పనితనము వారితోపాటు సముద్రము దాటినది. కంపెనీ పాలనలో యావజ్జీవ ఖైదీల నుదుట నేరమును పచ్చబొట్టు పొడిచెడివారు. 1849లో ఆ ఆచారము రద్దయినది. నుదుటి వ్రాత తప్పింపరానిదని మనము లోకోక్తిగా అందుము. ఆ నిర్భాగ్యుల విషయములో అది సూదితో పొడిచిన వ్రాత. విడుదలైన పిమ్మట పెక్కుమంది ఆ రేవులలోనే నిలిచిపోయి బండ్లు తోలుచు, పశువులను మేపుచు బ్రతికిరి.

1858 నుండి అండమాను దీవులు ఈ పనికి వచ్చినవి. అచటను సత్ప్రవర్తన గల ఖైదీకి సెలవు చీటీ ఇచ్చి స్వయముగా బ్రతుకనిచ్చు పద్ధతి కలదు. సిడ్నీ నమూనా పోర్టు బ్లేయరుకు వచ్చెనన్నమాట. 1919 డిసెంబరులో చక్రవర్తి ప్రకటన వెలువడి, రాజకీయ ఖైదీలలో బారీంద్రకుమార ఘోషు వంటి కొందరికి విముక్తి కలిగెను. మరికొందరికి అది వర్తింపలేదు. అదే ప్రకటనను విని ఒక గదిలోనివాడు మూట గట్టుకొనుచుండ, ప్రక్క గదిలోనివాడు మౌనముగా చూచుచుండెను.

స్వతంత్ర భారత రాజ్యాంగములో 72వ అధికరణము రాష్ట్రపతికి, 161వ అధికరణము గవర్నరులకు క్షమాధికారమును ఒసగినవి. గవర్నరు అధికారము రాష్ట్ర కార్యనిర్వాహక పరిధిలోని చట్టములకే పరిమితము. అనగా మన దేశములో సైతము క్షమకు పొలిమేర కలదు. క్షమ వేరు, శిక్ష తగ్గింపు వేరు. శిక్ష తగ్గించినంత మాత్రమున తీర్పు తుడిచిపెట్టుకొనిపోదని మన సుప్రీంకోర్టు ఒక ఎన్నికల వ్యాజ్యములో స్పష్టముగా చెప్పెను. చెరసాలనుండి ముందుగా బయటికి వచ్చినవాడు, తీర్పునుండి కూడ బయటికి వచ్చితినని తలంపరాదు.

ఇక దేశము దాటినచో చిక్కు మరింత. నేడు మన తెలుగు యువతీయువకులు చదువుకొఱకు, కొలువుకొఱకు ఖండములు దాటుచున్నారు. అమెరికా వీసా దరఖాస్తులో ఒక ప్రశ్న కలదు: ఎప్పుడైనను అరెస్టుగాని శిక్షగాని జరిగినదా, క్షమ లభించినను చెప్పవలెను అని. స్వదేశము క్షమించిన పాత శిక్షను లెక్కలోనికి తీసికొను హక్కు పరదేశపు వాకిటివానికి కలదన్నమాట. కెనడా ప్రభుత్వము తన పౌరుని పాత నేరపు రికార్డును ప్రక్కన పెట్టి కాగితము ఇచ్చినను, అమెరికా సరిహద్దు అధికారి దానిని పాటింపనక్కరలేదు. ఆ పౌరుడు ప్రత్యేకానుమతిని కోరవలసియుండును. సిడ్నీ గవర్నరు కాగితము లండనులో చెల్లకపోయిన నాటి చిక్కే ఇది. గతమును దాచినవాని గతి మేరీ బ్రయంట్ కథలో కుపాంగు రేవుననే చూచితిమి. దాచుటయే నేడు మరియొక నేరముగా పరిగణింపబడును.

అట్లని ఏ దేశమును తన వాకిలికి కాపలా పెట్టుకొనరాదని మేము అనము. ఎవరు వచ్చుచున్నారో తెలిసికొనుట ఇంటివాని హక్కు. కాని వచ్చినవాడు నిన్న ఏమి చేసెనో అడిగినప్పుడు, ఆ పిమ్మట ఏమి చేసెనో కూడ అడుగుట న్యాయము. మక్వారీ చేసినది అంతే. ఆయన నేరమును మరువలేదు. నేరము తరువాతి సంవత్సరములను కూడ లెక్కించెను. ఆ లెక్క వలననే ఒక నగరమునకు వైద్యుడును, వాస్తుశిల్పియు లభించిరి.

గ్రీన్‌వే చివరి దినములు సుఖముగా గడువలేదు. మక్వారీ వెడలిపోయిన పిమ్మట 1822లో ఆయన ఉద్యోగము పోయెను. జీతపు బాకీలకై వాదులాడుచు, బీదరికములో 1837లో మరణించెను. ఆయన సమాధిపై పేరు చెక్కిన రాయి కూడ లేదు. సంపూర్ణ క్షమాపత్రము ఆయనకు 1819లోనే చేతికి వచ్చెను. అందులో వ్రాసిన మాటను దేశము మనఃపూర్వకముగా పాటించుటకు మరి 147 సంవత్సరములు పట్టెను.